కత్తెరమ్మ సాక్ష్యం

పైదేశంలో ఏడాదిపాటు పరిచర్య చేయడానికి పెద్ద వయసు దంపతులు ఎవరైనా ముందుకొస్తారా అని ఆ ఆదివారం పాస్టరుగారు అడిగేసరికి, సంఘమంతా ఎవరి కాళ్ల వంక వాళ్లు చూసుకుంది. కొందరికి మోకాళ్ల నొప్పులు గుర్తొచ్చాయి, కొందరికి మనవల పరీక్షలు గుర్తొచ్చాయి. "భాష రాదని భయపడకండి. మన పాత పాస్టరుగారి అమ్మాయి అక్కడే స్థిరపడ్డారు. మీరు తెలుగులో మాట్లాడితే చాలు, ప్రతి మాటా ఆవిడే తర్జుమా చేస్తారు" అని ఆయన ఇంకో మాట కలిపారు. ఆ మాట పూర్తయిందో లేదో, ఆడవాళ్ల వైపు నుంచి ఒక చెయ్యి లేచింది. అది కత్తెరమ్మ చెయ్యి. పక్క వరసలో కునుకు తీస్తున్న ఆవిడ మొగుణ్ణి ఎవరో మోచేత్తో పొడిచారు. ఆయన ఉలిక్కిపడి, పాట మొదలైందనుకుని లేచి నిలబడ్డాడు. దంపతులిద్దరూ ఒప్పుకున్నట్టేనని పాస్టరుగారు స్తోత్రం చెప్పేశారు.

"కత్తెరమ్మకి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందమ్మా!" అని అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. భక్తీ లేదు, పాడూ లేదు. పాత పాస్టరుగారి అమ్మాయి ఫలానా చోట ఉందని తెలియగానే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అంతే జరిగింది.

ఆ మంట నలభై ఏళ్ల నాటిది. అప్పటికి ఆవిడ కత్తెరమ్మ కాదు, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. చేతిలో కుట్టుపని ఉందని, చర్చి వెనక గదిలో ఆడపిల్లలకు మిషను నేర్పే పని ఇచ్చారు. ఆ ఏడు బాప్తిస్మం అంగీలకని సంఘం ముచ్చటపడి ఒక తెల్లబట్ట తాను తెప్పించింది. దాన్ని తడిపి ఆరేశాక, ఇస్త్రీ నేను చేసి పెడతానని పాస్టరుగారి అమ్మాయి తనంతట తాను తీసుకుంది. మర్నాడు కత్తెర పట్టుకుని కూర్చుంటే ఆ బట్ట తాను లేదు. గదంతా వెతికారు. అప్పుడు పాస్టరుగారి అమ్మాయి, "నిన్న సాయంత్రం సంచీలో పెట్టుకుని వెళ్తుంటే నేను చూశాను" అని కుట్టుపిల్ల వైపు చెయ్యి చూపించింది. ఒక వైపు పాస్టరుగారి కూతురి మాట, ఇంకో వైపు ఊరికి కొత్తగా వచ్చిన పిల్ల మాట. ఏది నెగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

దొంగ అని మాత్రం ఎవరూ నోరారా అనలేదు. సంఘం మర్యాదస్తుల సంఘం గదా! ఆత్మపరిశీలన చేసుకునేదాకా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని పాస్టరుగారు అందరి ముందూ చెప్పారు. రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారాల్లో ఆవిడ లోపల కూర్చోకూడదు. గుమ్మం దగ్గర, గొడుగులు పెట్టే చోట నిలబడాలి. అలా ఒక వానాకాలమంతా నిలబడింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆవిడ పక్కనుంచే గొడుగులు తీసుకుని, ఆవిడ కనపడనట్టే వెళ్లేవాళ్లు. ఆ తరవాత వెనక వరసలోకి రానిచ్చారు గానీ, కుట్టుపని పోయింది. దానికీ కాదు ఆవిడ కడుపు మండింది. అదే ఊళ్లో, అదే సంఘంలో, ముందు వరసలో, అంతకు ముందే ఆ ఊరి కోడలైన ఆవిడ సొంత అక్క కూర్చునేది. ఆ అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి ఏడు చర్చి వెనక మురుగు కాలవ తవ్వుతుంటే కూలీల పలుగుకు ఒక మాడిన గుడ్డల ముద్ద తగిలింది. మడతల మీద మడతలుగా కాలిపోయిన తెల్లబట్ట. అంచున ఆ బట్ట తానుకుండే ఎర్రదారం ఇంకా తెలుస్తూనే ఉంది. చూడగానే కత్తెరమ్మకి సంగతి బోధపడింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె బట్ట మీద వదిలేసి ఎవరితోనో కబుర్లలో పడి ఉంటుంది మహాతల్లి. కాలిపోయాక భయపడి పూడ్చిపెట్టి, ఆ నింద తెచ్చి తన నెత్తిన వేసింది. కత్తెరమ్మ ఆ ముద్దను పట్టుకుని అక్క ఇంటికి పరుగెత్తింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వే పూడ్చిపెట్టి ఉంటావు" అంది. అప్పటికే పాస్టరుగారి అమ్మాయి పెళ్లి చేసుకుని దేశం దాటింది.

ఆ తరవాత ఆవిడ ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుంది. కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదునైంది. కత్తెరమ్మ అన్న పేరు అప్పుడే పడింది. పనితనానికి వంక పెట్టే మొనగాడు ఆ ఊళ్లో లేడు కాబట్టి, ఒకప్పుడు మొహం తిప్పుకున్న ఆడవాళ్లే జాకెట్లు పట్టుకుని గుమ్మం ఎక్కారు. ఆవిడ నవ్వుతూ కొలతలు తీసుకునేది. మొహం తిప్పుకున్నవాళ్ల జాకెట్లకు మాత్రం చంక దగ్గర రవ్వంత బిగువు పెట్టేది. చింపుకోవడానికి లేదు, తిరిగి ఇవ్వడానికి లేదు. పాటలో చేతులెత్తినప్పుడల్లా వాళ్లు మొహం చిట్లిస్తుంటే వెనక వరసలోంచి చూసి తృప్తిపడేది. అక్క జాకెట్టుకు అందరికంటే ఎక్కువ బిగువు పెట్టేది. కానీ అసలు మనిషి చేతికి చిక్కకుండా సముద్రం అవతల ఉంటే, ఇవన్నీ ఏ మూలకు?

అందుకని చెయ్యెత్తింది. అక్కడికి వెళ్లాలి. సంఘమంతా చూస్తుండగా ఆ మనిషి నోటితో నిజం కక్కించాలి. ఆ కోరికతోనే విమానమెక్కింది. పక్క సీట్లో ఆవిడ మొగుడు డ్రైవర్ గారు మాత్రం, "ఈ వయసులో నీకింత దైవచింతన కలిగిందంటే నాకు చాలా సంతోషంగా ఉందోయ్" అన్నాడు. టౌను బస్సు నడిపి రిటైరైన మనిషి. నోట్లో నాలుక లేదు, మనసులో మకిలి లేదు. ఆవిడ కిటికీ వైపు తిరిగి పడుకుంది.

ఆ దేశంలో వాళ్లకి చర్చి హాలు మీద రెండు గదులిచ్చారు. కింద హాల్లో వారానికి నాలుగు రోజులు కుట్టు తరగతి. పనులు వెతుక్కుంటూ ఎక్కడెక్కడినుంచో ఆ ఊరు చేరిన ఆడవాళ్లు వస్తారు. మిగతా రోజుల్లో మంచం పట్టినవాళ్లనీ, ఒంటరివాళ్లనీ ఇళ్లకు వెళ్లి పలకరించాలి. ఈ పనులన్నీ చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన పొడుగు చూసి కత్తెరమ్మ మొదటి రోజే నిచ్చెనాయన అని పేరు పెట్టింది. ఆయన దంపతుల పరిచర్యకున్న నియమాలు చెప్పాడు. ఒకరిని విడిచి ఒకరు బయటికి వెళ్లకూడదు. బయల్దేరే ముందు గడప దగ్గర చేతులు పట్టుకుని ప్రార్థన చెయ్యాలి. ఇద్దరి మధ్యా తగువుంటే అది తీరేదాకా గడప దాటకూడదు. మొగుడూ పెళ్లాం కొట్లాడుకుని వెళ్లి ఇంకొకరికి శాంతి ఏం చెబుతారు, అన్నది ఆయన లెక్క.

ఇదంతా తెలుగులో చెప్పింది పాస్టరుగారి అమ్మాయే. డెబ్బై దగ్గరపడినా అమ్మాయే! జుట్టు ముగ్గుబుట్టయింది. మెడలో సన్నటి సిలువ. ఆ సంఘంలో ఆవిడ మాటంటే వేదం. గుమ్మంలోనే కత్తెరమ్మను వాటేసుకుని, "మన సంఘం నుంచి వచ్చారా! ఎంత భాగ్యం వదినా!" అని కళ్లు తుడుచుకుంది. కత్తెరమ్మ ఆ మొహంలోకి గుచ్చి గుచ్చి చూసింది. గుర్తుపట్టిన జాడ లేదు. తన బతుకును బుగ్గిచేసిన మనిషికి తను గుర్తే లేదు! కుట్టుపిల్ల ఒకతె ఉండేదనే జ్ఞాపకం లేకుండా ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయిందన్నమాట. కత్తెరమ్మ పళ్లు నూరుతూ, "మాకూ భాగ్యమేనండీ" అంది.

తరగతి మొదలైంది. కత్తెరమ్మ తెలుగులో చెబుతుంది, పాస్టరుగారి అమ్మాయి పక్కన నిలబడి వాళ్ల భాషలో చెబుతుంది. ఆ పనికో పద్ధతుందని ఆవిడే ఒకరోజు టీ తాగుతూ వివరించింది. "ఆవిడిలా అంటోంది అని చెప్పకూడదు వదినా. మీరు 'నేను' అంటే నేనూ 'నేను' అనే అనాలి. మీ నోటికి బదులు నా నోరు, అంతే." కత్తెరమ్మ కప్పు కింద పెట్టింది. తను ఏమంటే అది ఈ మనిషి నోటివెంట, నేను, నేను అంటూ వస్తుందన్నమాట. అందరి ముందూ! ఇంతకాలం ఎలా ఎలా అని కొట్టుకున్నదానికి దారి ఆ మనిషే చూపించింది. ఆ పూట ఆవిడ టీ రెండు కప్పులు తాగింది.

అయితే ఒక చిక్కుంది. కత్తెరమ్మ ఒకసారి ఒకామె కుట్టిన చొక్కా ఎత్తి చూపించి, "ఇది కుట్టినట్టు లేదు, కుక్క పీకినట్టుంది. కళ్లు నెత్తిన పెట్టుకుని కుట్టావా?" అని కడిగేసింది. పాస్టరుగారి అమ్మాయి మెత్తగా ఏదో రెండు ముక్కలంది. తిట్లు తిన్న మనిషి లేచి వచ్చి కత్తెరమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టింది.

"ఏం చెప్పారండీ ఆ పిల్లకి?"

"మీరన్నదే చెప్పాను వదినా."

మీరన్నదే అట! కాకమ్మ కబుర్లు. తన మాటను నీళ్లు కలిపి పంచుతోందీ మనిషి. రేపు అసలు మాట చెప్పినప్పుడూ ఇలాగే మార్చేస్తే? అందుకని కత్తెరమ్మ మొగుణ్ణి పట్టుకుంది. "ఏమండీ, ఊరికే కూర్చునే బదులు వీళ్ల భాష నేర్చుకోకూడదూ? పరిచర్యకి పనికొస్తుంది" అంది. ఆయన పొంగిపోయాడు. నేర్చుకోవడానికి ఆయన బడికి వెళ్లలేదు, బస్టాపుకు వెళ్లాడు. ఆ ఊరి బస్సు డ్రైవర్లతో స్టీరింగూ, బ్రేకులూ, నడుం నొప్పులూ మొదలుపెట్టి సంసారాల దాకా వెళ్లిపోయాడు. ఒకరిని విడిచి ఒకరు కదలకూడదు గనక, ఆయన పాఠాలు చెప్పించుకున్నన్నాళ్లూ ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని గుండీలు కుట్టుకుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయినా నోరెత్తలేదు. కక్ష మనిషికి ఓపిక నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు కాబోలు. చలికాలం వెళ్లేసరికి డ్రైవర్ గారు ఆ భాషలో జోకులు వేసే స్థాయికి వచ్చాడు.

ఆ సంఘంలో సాక్ష్యాల ఆదివారం అని ఒకటుంది. ఎవరైనా ముందుకొచ్చి తమ జీవితంలో జరిగింది చెప్పుకోవచ్చు. కత్తెరమ్మ పేరిచ్చింది. ఆ ఉదయం అద్దం ముందు నిలబడి చెప్పబోయేది వల్లెవేస్తుంటే, బూట్లు తొడుక్కుంటున్న డ్రైవర్ గారి చెవిన పడింది. ఒక బూటు కాలికుంది, ఒకటి చేతిలో ఉంది.

"అయితే నువ్వు ఇందుకొచ్చావా ఇంత దూరం?" అన్నాడు.

"ఇందుకే వచ్చాను."

"ముసలావిడ. వదిలెయ్యకూడదూ?"

"నేను పడుచుదాన్నా?"

ఆయన చేతిలో బూటు కింద పెట్టేశాడు. "నేను రాను. మనిద్దరికీ ఇప్పుడు తగువు. తగువుతో గడప దాటకూడదు" అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి సరిగ్గా ఆ పూటే నియమం పట్టుకున్నాడు. ఆయన రాకపోతే ఆవిడ కదలడానికి లేదు. కింద హాల్లో పాటలు మొదలైపోయాయి. కత్తెరమ్మ ముందు బతిమాలింది. మీరు నా బంగారం అంది, మీ మాట ఎప్పుడైనా కాదన్నానా అంది. పెళ్లయిన కొత్తలో కూడా అనని మాటలు అంది. ఆయన కదలలేదు. అప్పుడు ఆవిడకి తిక్క రేగింది.

"ఆ వానాకాలమంతా నేను గొడుగుల దగ్గర నిలబడ్డాను. మీరు లోపల కూర్చుని రొట్టె తీసుకున్నారు. ఒక్క ఆదివారం, ఒక్కటంటే ఒక్క ఆదివారం లేచొచ్చి నా పక్కన నిలబడ్డారా? మీకిప్పుడు ఆ ముసల్దాని మీద జాలేసిందా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి మర్చిపోయిందనుకున్నాడు ఆయన. వంగి రెండో బూటు తొడుక్కున్నాడు. గడప దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"తగువు తీరిందా?" అంది ఆవిడ.

"నాది తీరింది. నీది తీరదు. పద" అన్నాడు.

హాలు నిండుగా ఉంది. కత్తెరమ్మ ముందుకు వెళ్లి నిలబడింది, పాస్టరుగారి అమ్మాయి ఎప్పటిలాగే పక్కన నిలబడింది. డ్రైవర్ గారు ముందు వరసలో కూర్చున్నాడు. తర్జుమా సరిగ్గా ఉంటే తల ఊపాలి, తేడా వస్తే తల గోక్కోవాలి. మెట్లు దిగుతూ కుదుర్చుకున్న ఒప్పందం అది.

"నేను ఒకప్పుడు చర్చిలో కుట్టు నేర్పేదాన్ని" అంది కత్తెరమ్మ. తర్జుమా అయింది. ఆయన తల ఊపాడు.

"ఒక తాను బట్ట పోయింది. నన్ను దొంగన్నారు." తల ఊపాడు.

"నేను దొంగని కాదు. ఇస్త్రీ చేస్తూ బట్ట కాల్చేసి, పూడ్చిపెట్టి, నా మీదికి నెట్టింది ఇంకొకామె. పాస్టరుగారి అమ్మాయి."

పక్కనుంచి చప్పుడు లేదు. కత్తెరమ్మ తిరిగి చూసింది. ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.  ఆ మొహం చూస్తుంటే కత్తెరమ్మ ప్రాణానికి ఎంత చల్లగా ఉందో చెప్పడానికి లేదు. "కానివ్వండి, తర్జుమా చెయ్యండి. మీ నోటికేమైంది?" అంది.

పాస్టరుగారి అమ్మాయి ముందు వరసలో డ్రైవర్ గారిని చూసింది. ఆయనకి భాష వచ్చని అప్పుడే తట్టినట్టుంది. మొదలుపెట్టింది. ఒక వాక్యానికి బదులు చాలాసేపు మాట్లాడింది. మాట్లాడుతూ ఏడ్చింది. హాల్లో జనం ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఇప్పుడు వీళ్లు ఆ మనిషిని గుమ్మంలోకి నెడతారు అనుకుంది కత్తెరమ్మ. జనం వచ్చి పాస్టరుగారి అమ్మాయిని వాటేసుకున్నారు. ఆ తరవాత వచ్చి కత్తెరమ్మను వాటేసుకున్నారు. చేతులు ముద్దుపెట్టుకున్నారు. నిచ్చెనాయన అంత ఎత్తునుంచి వంగి ఆవిడ నుదుటికి నుదురు ఆనించాడు. ఊపిరాడని ఆ గుంపులోంచి ఆవిడ మొగుణ్ణి వెతికి పట్టుకుంది.

"ఏం చెప్పిందండీ? మార్చేసిందా?"

"లేదోయ్. ఆ అమ్మాయి నేనే అని చెప్పింది. కాల్చింది నేనే, పూడ్చింది నేనే అని చెప్పింది."

"మరి వీళ్లేంటి ముద్దులు పెడుతున్నారు?"

ఆయన తల గోక్కున్నాడు. "చివర్లో ఇంకో మాట కలిపింది. ఈవిడ నన్ను క్షమించడానికే ఇంత దూరం వచ్చింది, క్షమించింది అని చెప్పింది."

కత్తెరమ్మ ఆయన చెయ్యి వదిలేసింది. క్షమించిందట! ఎవరు? ఎప్పుడు? పడుచుతనంలో తన పేరు తీసుకుపోయిన మనిషి, ముసలితనంలో తన కక్ష కూడా తీసుకుపోయింది. అదీ తన నోటిని అడ్డం పెట్టుకుని. కాదని అరుద్దామంటే ఏ భాషలో అరవాలి? ఆవిడ మాట ఆ జనానికి చేరాలంటే మళ్లీ ఆ మనిషి నోటిలోంచే రావాలి. డ్రైవర్ గారికి తెలిసిన బస్టాపు భాష ఇలాంటి సంగతికి చాలదు. ఆ వారమంతా వీధిలో కనపడ్డవాళ్లంతా ఆవిడ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. రెండు సూదులు విరగ్గొట్టింది.

అప్పుడు నిచ్చెనాయనే ఆవిడ నెత్తిన పాలు పోశాడు. నెలకోసారి ఈ దంపతులు తమ ఊరి సంఘంతో తెర మీద మాట్లాడాలి. అక్కడ చర్చిలో పెద్ద తెర మీద వీళ్లు కనపడతారు, ఇక్కడ వీళ్లకి వాళ్లు కనపడతారు. ఇంత గొప్ప క్షమాపణ కథను మీ సంఘానికి మీరిద్దరు ఆడవాళ్లూ కలిసి చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. తర్జుమా చేస్తూ చేస్తూ పాస్టరుగారి అమ్మాయి సగంలో ఆగి నీళ్లు తాగింది. కత్తెరమ్మ మాత్రం, "తప్పకుండా చెబుతామని చెప్పండి" అంది.

ఆ మధ్యాహ్నమే పాస్టరుగారి అమ్మాయి మెట్లెక్కి వీళ్ల గదులకు వచ్చింది. డ్రైవర్ గారు కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

"వదినా, మిమ్మల్ని మొదటి రోజే గుర్తుపట్టాను. మీరు నన్ను మర్చిపోయి ఉంటారని ఆశపడ్డాను" అంది. "ఇక్కడ చెప్పించారు, చెప్పాను. అక్కడ వద్దు. అక్కడ నాన్నగారి పేరుంది. గోడ మీద ఫొటో ఉంది. ఆయన్ని దేవుడిలా చూస్తారు."

"నువ్వు చేసిన పనికి మీ నాన్నగారి పేరెందుకు పోతుంది?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. పాస్టరుగారి అమ్మాయి అది గమనించింది. తల వంచుకుని, "నెల తిరక్కుండానే నాన్నగారికి చెప్పేశాను. ఊరుకోమన్నారు. పాస్టరు కూతురు అబద్ధమాడిందంటే సంఘం నిలవదన్నారు. మీరింకా గుమ్మం దగ్గర నిలబడుతూనే ఉన్నారు అప్పటికి" అంది.

కత్తెరమ్మకి పాత పాస్టరుగారు గుర్తొచ్చారు. ఆయన అలా నిలబెట్టిన ప్రతి ఆదివారం ఆరాధనయ్యాక గొడుగు తీసుకోవడానికి వచ్చి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి, "దేవుడికి అన్నీ తెలుసమ్మా" అని వెళ్లేవాడు. ఆ చెయ్యి వెచ్చదనానికి ఆవిడ ఏడ్చేది కూడా. తెలిసింది దేవుడికొక్కడికే కాదన్నమాట.

"తెర మీద ఆ మాట తప్పకుండా చెప్పాలి నువ్వు" అంది.

"ఈ వయసులో నా పరువు తియ్యకండి వదినా."

"నా పరువు పాతికేళ్లకే పోయింది. నీది ఇన్నాళ్లుంది. ఇంకా ఏం కావాలి నీకు?"

ఆవిడ దిగి వెళ్లిపోయాక డ్రైవర్ గారు కుర్చీ తీసి గోడకి ఆనించాడు. వదిలెయ్యమని ఈసారి అనలేదు.

ఆ ఆదివారం తెర వెలిగింది. అవతల తన ఊరి చర్చి. పాస్టరుగారు ఉన్నారు, చంక బిగువు జాకెట్ల వాళ్లంతా ఉన్నారు. ముందు వరసలో అక్క కూర్చుని ఉంది, కళ్లద్దాలు సవరించుకుంటూ. ఇవతల కెమెరా ముందు కత్తెరమ్మ, పాస్టరుగారి అమ్మాయి, వెనక డ్రైవర్ గారు, నిచ్చెనాయన. అవతలివాళ్లు చప్పట్లు కొట్టారు. పాత పాస్టరుగారి అమ్మాయిని చూసి ముసలివాళ్లు కొందరు చెయ్యి ఊపారు కూడా.

ఇక్కడ తర్జుమా లేదు. తన మాట వెనక ఇంకొకరు లేరు, ఇంకొకరి మాట వెనక తను లేదు. పాస్టరుగారి అమ్మాయి తెలుగులో, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఆ బట్ట తాను కాల్చింది నేను. పూడ్చింది నేను. ఈవిడ తీసుకెళ్తుంటే చూశానని అబద్ధం చెప్పింది నేను. మా నాన్నగారికి చెప్పాను. ఊరుకోమన్నారు. ఊరుకున్నాను."

అవతల అందరి తలలూ ఒక్కసారే గోడ మీది ఫొటో వైపు తిరిగాయి.  ఒక ముసలాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. పాస్టరుగారు పాపం, చిన్నవాడు. చివరికి మైకు సర్దుకుని, "అమ్మా, మీరు ఈవిడని క్షమించారని విన్నాం. ఆ ఒక్క మాట మీ నోటితో వింటే మా అందరికీ ఆదరణగా ఉంటుంది" అన్నాడు.

కత్తెరమ్మ కెమెరా దగ్గరికి జరిగింది.

"ఈవిడ ఇప్పుడు చెప్పినదంతా నిజం. క్షమించానని చెప్పింది మాత్రం ఈవిడ మాట, నాది కాదు. నా బదులు ఈవిడ చెప్పేసింది. నేను క్షమించలేదు. రేపు క్షమిస్తానో, చచ్చేదాకా క్షమించనో నాకే తెలియదు. ఆ మాటొస్తే నా నోటితోనే వస్తుంది." పక్కకి తిరిగింది. "ఇప్పుడిది ఆయనకి చెప్పు. ఉన్నదున్నట్టు."

పాస్టరుగారి అమ్మాయి నిచ్చెనాయన వైపు తిరిగి చెప్పింది. 'నేను క్షమించలేదు' అని, 'నేను' అనే చెప్పింది. నిచ్చెనాయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. వెనకనుంచి డ్రైవర్ గారు తల ఊపాడు. కత్తెరమ్మకి ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. అనుకున్నది జరిగింది. ఊరంతా విన్నది. ఇక చాలు, తెర ఆపేద్దామనుకుంది.

అవతల అక్క లేచి నిలబడింది. పాస్టరుగారి చేతిలోంచి మైకు అందుకుంది. ఆవిడకి మైకు పట్టుకోవడం అలవాటు లేదు, నోటికి మరీ దగ్గరగా పెట్టుకునేసరికి ఊపిరి కూడా వినిపించింది.

"మరి నన్నో?" అంది.

అక్కకి ఏం చెప్పాలో కత్తెరమ్మ ఎన్నడూ వల్లెవేసుకోలేదు. ఇంత దూరం వచ్చింది ఈ పక్కనున్న మనిషి కోసమే అనుకుంది. ఇన్నేళ్ల మంటా ఆ మనిషి పెట్టిందే అనుకుంది. తెర మీద అక్క తెల్లజుట్టు వంక చూసింది. అయినా వచ్చిన మాట మెత్తగా రాలేదు.

"నిన్ను అసలే క్షమించలేదక్కా" అంది. "ఈవిడ పరాయిది. నువ్వు నా తోడబుట్టినదానివి."

అలవాటు కొద్దీ పాస్టరుగారి అమ్మాయి నిచ్చెనాయన వైపు తిరిగి ఆ మాట తర్జుమా చేయడానికి నోరు తెరిచింది. డ్రైవర్ గారు వెనకనుంచి మెల్లగా ఆవిడ భుజం తట్టి, "అది వద్దమ్మా" అన్నాడు.